కొడుకు కొలువు, తల్లి పింఛను

హనుమకొండలో ఉండే ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరూ ఊరూ వేయవద్దన్నారు. పుట్టిల్లు పరకాల వైపు అని మాత్రం చెప్పుకోవచ్చు.

ఆమెకు 36 ఏళ్లు. ప్రైవేటు స్కూల్లో టీచరు, జీతం పదకొండు వేలు. వాళ్ల బాపు నిరుడు చనిపోయారు. ఆయనకు వృద్ధాప్య పింఛను వచ్చేది. పడ్డ రోజే అందులోంచి మూడు వందలు తీసి అమ్మ కొంగుకు కట్టేవారట. అమ్మకు ఇప్పుడు 61. ఊళ్లో ఒక్కతే ఉంటుంది. రెండేళ్ల కింద జారిపడి తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ అయినా ఎడమ కాలు కాస్త పొట్టిపడింది, కర్ర లేనిదే నడవలేదు. తమ్ముడు భార్యాపిల్లలతో వరంగల్‌లో అద్దెకుంటాడు. ఒక ప్రభుత్వ ఆఫీసులో ఔట్‌సోర్సింగ్ కొలువు, జీతం 15,600. అదీ రెండు మూడు నెలలకోసారి వస్తుంది. కాలువ కింద 2 ఎకరాల 10 గుంటల పొలం ఇంకా బాపు పేరు మీదే ఉంది. కౌలుకిస్తే ఏడాదికి ముప్పై వేలు వస్తున్నాయి. బాపు వైద్యానికి తెచ్చిన లక్షా ఇరవై వేలకు రెండు రూపాయల వడ్డీ. కౌలు పైసలు ఆ వడ్డీకే సరిపోతున్నాయి.

బాపు పోయాక అమ్మకు వితంతు పింఛను కోసం దరఖాస్తు పెట్టారు. విచారణకు పంచాయతీ కార్యదర్శి వచ్చిన రోజు ఈ సోదరి అక్కడే ఉన్నారు. "కొడుకేం చేస్తడమ్మా?" అని అడిగితే అమ్మ తడబడింది. ఈమె ఉన్నదున్నట్టు చెప్పేశారు. పింఛను రాలేదు. ఎందుకు రాలేదో కాయితం మీద ఎవరూ చెప్పలేదు, "మీ తమ్మునికి కొలువుంది గదా" అని నోటిమాటగా అన్నారంతే. అప్పట్నుంచి తమ్ముడు ఈమెతో మాట్లాడటం లేదు. మరదలేమో రేషన్ కార్డు వేరు చేయించి, కొడుకు పట్టించుకోవడం లేదని బాండ్ పేపరు మీద రాసిద్దాం అంటోంది. ఐదు వేలిస్తే పని చేయించి పెడతానని ఊళ్లో ఒకాయన తిరుగుతున్నాడు. ఇవి చాలవన్నట్టు, బాపు పోయిన తర్వాత కూడా ఆయన ఖాతాలో రెండు నెలల పింఛను పడింది. ఏటీఎం కార్డుతో తీసి దినాల ఖర్చుకు వాడేశారు. అది ఎక్కడ బయటపడుతుందోనని టెన్షన్.

"నేను నిజం చెప్పి తప్పు చేశానా? అమ్మ మాత్రం ఒకటే మాట అంటోంది. బీపీ గోళీలకు కూడా వాణ్ని అడగాల్నా బిడ్డా, అని. ఏం చేయాలో చెప్పండి" అని ముగించారు.

చెల్లెమ్మా,

మీరు తప్పు చేయలేదు. ఆ రోజు మీరు చెప్పకపోయినా తమ్ముడి కొలువు సంగతి ఊళ్లో అందరికీ తెలిసిందే. ఆధార్, పీఎఫ్ ఖాతా, రేషన్ కార్డు అన్నిట్లోనూ అతని వివరాలు ఉంటాయి. దాచి తెచ్చుకున్న పింఛను మీద మీ అమ్మ ప్రతి నెలా భయపడుతూ బతకాల్సి వచ్చేది. మీ తమ్ముడి కోపం మీ మీద కాదనే నాకనిపిస్తోంది. కోతలు పోను పద్నాలుగు వేలు కూడా చేతికి రాని తన కొలువును సర్కారు పెద్ద కొలువుగా లెక్కగట్టిందన్న బాధ అది. మీరు దగ్గరివాళ్లు కాబట్టి మీ మీద చూపిస్తున్నాడు.

ముందు నిబంధనలో ఏముందో చూద్దాం. ఊళ్లో చెప్పుకునేది ఒకటి, కాయితం మీద ఉన్నది ఇంకొకటి. 2014 నవంబరులో తెలంగాణలో ఆసరా పింఛన్లు మొదలైనప్పుడు ఇచ్చిన జీవోలోనే ఎవరు అర్హులు, ఎవరు కారు అన్నది రాశారు. ఇప్పుడు పేరు మార్చి చేయూత అంటున్నా ఆ మూలమే నడుస్తోంది. ఆదాయం పల్లెలో ఏడాదికి లక్షన్నర, పట్నంలో రెండు లక్షలు దాటకూడదు. భూమి తరి (నీటి పారకం ఉన్నది) అయితే 3 ఎకరాలు, ఖుష్కి (మెట్ట) అయితే ఏడున్నర ఎకరాలు మించకూడదు. నాలుగు చక్రాల బండి ఉండకూడదు. ఇంకో ప్రభుత్వ పింఛను వస్తుండకూడదు. వీటిలో ఏదీ మీ అమ్మకు అడ్డం కాదు. పొలం రెండుంపావు ఎకరాలే. తమ్ముడి మోటారు సైకిల్ చూసి పింఛను రాయలేదని ఎవరైనా అంటే, అది వట్టి మాట. రెండు చక్రాల బండి గురించి ఆ జీవోలో లేదు.

అడ్డం వచ్చేది ఇంకో వాక్యం. పిల్లలు ప్రభుత్వ, ప్రభుత్వ రంగ, ప్రైవేటు, ఔట్‌సోర్సింగ్, కాంట్రాక్టు ఉద్యోగాల్లో ఉంటే తల్లిదండ్రులు అనర్హులు అని ఉంది. జీతం ఎంత అన్నది అందులో లేదు. పిల్లలు తల్లికి ఎంత ఇస్తున్నారన్నది అసలే లేదు. ఇంకో సంగతి గమనించండి, అక్కడ కొడుకులు అని రాయలేదు, పిల్లలు అని ఉంది. విచారణకు వచ్చేవాళ్లు అలవాటుగా కొడుకుల గురించే అడుగుతారు. అక్షరం ప్రకారం చూస్తే మీ స్కూలు కొలువు కూడా అడ్డమే. ఈ మాట మీ తమ్ముడికి చెప్పండి. పింఛను తన ఒక్కడి వల్ల ఆగలేదని తెలిస్తే అతని మనసు కొంత తేలిక పడుతుంది.

ఈ నిబంధన న్యాయమైనదని నేను అనుకోను. లక్ష రూపాయల జీతం తీసుకునే ఉద్యోగినీ, 15,600 తీసుకునే ఔట్‌సోర్సింగ్ మనిషినీ ఒకే వాక్యంలో పెట్టారు. మీ తమ్ముడి జీతం ఏడాదికి 1,87,200. పట్నం లెక్కన ఆదాయ పరిమితి లోపలే ఉన్నాడు, పల్లె లెక్కన బయట పడ్డాడు. ఉంటున్నది వరంగల్‌లో, అమ్మ దరఖాస్తు ఊళ్లో. ఏ లెక్కన చూసినా కొలువు ఉందన్న వాక్యం దగ్గర ఆగిపోతుంది. తన ఇల్లే గడవని కొడుకు తల్లిని పోషిస్తున్నాడని సర్కారు అనుకుంటోంది. ఈ వాక్యం మారాలని అడిగే హక్కు మీకుంది, అడగాలి కూడా. కానీ అది మారేదాకా మీ అమ్మ మందులు ఆగవు కదా. అందుకని ఇప్పుడు చేయగలిగినవి చూద్దాం.

మరదలు చెప్పిన దారిలో ఒక సగం మంచిది, ఒక సగం ప్రమాదం. తమ్ముడు నిజంగానే వేరే ఊళ్లో వేరే కాపురం ఉంటున్నాడు కాబట్టి రేషన్ కార్డు వేరు చేసుకోవడంలో అబద్ధమేమీ లేదు. మీసేవలో దరఖాస్తు పెట్టుకోండి. తల్లి కార్డు తల్లికుంటే ఆమె ఆరు కిలోల సన్నబియ్యం ఆమె ఊళ్లోనే తెచ్చుకుంటుంది. అయితే కార్డు వేరైనంత మాత్రాన పింఛను వస్తుందనుకోవద్దు. నిబంధన పిల్లల గురించి మాట్లాడుతోంది, కార్డులో పేర్ల గురించి కాదు. ఇక కొడుకు వదిలేశాడని బాండ్ పేపరు రాయడం జోలికి పోవద్దు. అది అబద్ధపు ప్రమాణం. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ముందు పోయేది మీ తమ్ముడి కొలువే. ఔట్‌సోర్సింగ్ మనిషిని తీసేయడానికి పెద్ద కారణాలు అక్కర్లేదని అతనికి మీకంటే బాగా తెలుసు. అంతకంటే ముఖ్యం, ఆ కాయితం మీద మీ అమ్మ వేలిముద్ర వేయాలి. కొడుకు నన్ను చూడటం లేదని ఆమె చేత రాయించడం ఆమెకు ఎంత కష్టమో ఒకసారి ఆలోచించండి.

ఐదు వేల మనిషిని గడప కూడా తొక్కనివ్వకండి. పింఛను మంజూరు చేసే అధికారం అతని చేతిలో లేదు.

నిబంధన ప్రకారమే పోరాడాలంటే దారి ఉంది. దరఖాస్తు ఏమైందో, ఏ కారణంతో ఆపారో రాతపూర్వకంగా చెప్పమని ఎంపీడీవో కార్యాలయంలో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి ఉంటుంది, అక్కడా అర్జీ ఇచ్చి రశీదు తీసుకోండి. తమ్ముడి జీతం చీటీలు జత చేయండి. కారణం కింద బండి ఉందనో, ఇల్లు బాగుందనో, పొలం ఎక్కువుందనో రాసి ఉంటే మీరు గట్టిగా వాదించవచ్చు. పిల్లలకు ఉద్యోగం ఉంది అని రాసి ఉంటే మాత్రం ఆ నిబంధన ఉన్నంతకాలం కింది అధికారి దాన్ని మార్చలేడు. ఆ సంగతి తెలిసి వెళ్లండి, లేకపోతే ఆఫీసుల చుట్టూ తిరిగి అలసిపోతారు. అయినా రాతలో కారణం తీసుకోవడం వృథా కాదు. రేపు నిబంధన సడలిస్తే ఫలానా తేదీన అడిగాం, ఫలానా కారణంతో కాదన్నారు అని చూపించడానికి చేతిలో ఆధారం ఉంటుంది.

మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన అమ్మ కాలు గురించి ఆగి చెప్పాలి. తుంటి విరిగి కాలు పొట్టిపడి, కర్ర లేనిదే నడవలేని మనిషికి సదరం పరీక్ష, అంటే వైకల్యం ఎంత శాతమో డాక్టర్లు కొలిచే పరీక్ష, చేయించారా? ఇప్పుడు దానికి దరఖాస్తు యూడీఐడీ (వికలాంగుల గుర్తింపు కార్డు) పోర్టల్‌లో పెట్టుకోవాలి, పరీక్ష తేదీ ఇస్తారు. ఆపరేషన్ కాయితాలు, ఎక్స్‌రేలు పట్టుకుని వెళ్లాలి. వైకల్యం 40 శాతం, ఆపైన అని డాక్టర్లు తేలిస్తే వికలాంగుల పింఛనుకు అడగవచ్చు. 2023 నుంచి అది 4,016, వితంతు పింఛనుకు దాదాపు రెట్టింపు. ఇంట్లో ఇంకొకరికి పింఛను ఉన్నా వికలాంగులకు విడిగా ఇస్తారు. పిల్లల కొలువు ప్రశ్న అక్కడా రావచ్చు కాబట్టి పింఛను ఖాయం అని నేను అనను. 40 శాతం వస్తుందనీ అనను, అది డాక్టర్లు కొలిచి చెప్పాల్సిందే. పింఛను సంగతి ఎట్లున్నా సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఇతర రాయితీలకు పనికొస్తుంది. మోకాళ్ల నొప్పులున్న అందరినీ తీసుకెళ్లి శాతాలు రాయించుకునే పని చాలా ఊళ్లలో జరుగుతోంది. మీ అమ్మది నిజమైన కష్టం, నిజంగానే పరీక్ష చేయించండి.

ఇప్పుడు పొలం. నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది ఇదే. పింఛను గురించి ఇంత గొడవ పడుతున్నారు కానీ, మీ అమ్మకు రావలసిన డబ్బు ఈ పొలం దగ్గర ఆగిపోయింది.

వితంతు పింఛను నెలకు 2,016, అంటే ఏడాదికి 24,192. రైతు భరోసా, అంటే రాష్ట్రం ఇచ్చే పంట పెట్టుబడి సాయం, ఎకరానికి ఏడాదికి 12,000. మీ రెండుంపావు ఎకరాలకు 27,000. పట్టాదారు చనిపోయి పేరు మారకపోతే అది ఎవరికీ రాదు. మీ బాపు పోయినప్పటి నుంచి రావడం లేదనుకుంటాను. అది పట్టా ఎవరి పేరున ఉంటే వాళ్ల ఖాతాలో పడుతుంది, కొడుకు ఏం కొలువు చేస్తున్నాడని అడగరు. కేంద్రం రైతులకిచ్చే పీఎం కిసాన్ ఏడాదికి ఇంకో 6,000. అక్కడ కుటుంబం అంటే భార్య, భర్త, మైనరు పిల్లలు, అంతే. పెళ్లయి వేరే కాపురమున్న కొడుకు జీతం అందులోకి రాదు. 2019 ఫిబ్రవరి 1 తర్వాత పేరు మారిన భూమికి మామూలుగా ఆ డబ్బు ఇవ్వరు, కానీ యజమాని చనిపోయి వారసత్వంగా వస్తే ఇస్తారు. రెండూ కలిపితే 33,000, పింఛను కంటే ఎక్కువే. ఒకే తల్లి ఒక పథకంలో కొడుకు జీతం వల్ల అనర్హురాలు, ఇంకో పథకంలో సొంత హక్కుతో అర్హురాలు.

పింఛనులా ఇది నెలనెలా రాదు. సీజనుకోసారి, అదీ ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది. కాబట్టి పడ్డప్పుడు అమ్మ మందులకు విడిగా పెట్టుకోవాలి. అంతే తేడా.

పేరు ఎందుకు మార్చలేదో మీరు రాయలేదు. తమ్ముడు తన పేరున చేయించుకోవాలనుకుంటున్నాడేమో, మీకు అడగడానికి మొహమాటం ఏమో. చట్టం ప్రకారం అది మీ బాపు సొంతంగా సంపాదించిన భూమి అయి, వీలునామా లేకపోతే మీ అమ్మకు, మీకు, తమ్ముడికి సమానంగా వాటా ఉంది. మూడు ముక్కలు చేస్తే తలా 30 గుంటలు. అప్పుడు అమ్మకు రైతు భరోసా 9,000 వస్తుంది. కౌలు కూడా మూడు చేతుల్లోకి పోతుంది. తమ్ముడి పేరునే మొత్తం చేస్తే అమ్మకు ఏమీ మిగలదు, మళ్లీ గోళీలకు అడుక్కునే స్థితే. పిల్లలిద్దరూ ఒప్పుకుని మొత్తం అమ్మ పేరున విరాసత్ (వారసత్వపు పేరు మార్పిడి) చేయిస్తే 27,000 ఆమె ఖాతాలోనే పడుతుంది. ఆమె తర్వాత, వేరే రాత ఏమీ లేకపోతే, మీ ఇద్దరికీ సమానంగా వస్తుంది. ఎవరి వాటా పోదు, కాస్త ఆగుతుంది. కొత్త భూమి రికార్డుల చట్టం భూభారతి వచ్చాక తహసీల్దారు వారసులకు నోటీసులిచ్చి విచారించాకే పేరు మారుస్తున్నారు కాబట్టి ముగ్గురి సంతకాలతో ఒప్పందం ముందే రాసుకుని వెళ్తే పని తేలికవుతుంది. మరణ ధ్రువపత్రం, పాత పాసు పుస్తకం, ముగ్గురి ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. నాకైతే మూడో దారే మంచిదనిపిస్తుంది. కానీ ఆ పొలం మీద తమ్ముడికి ఏ ఆశ ఉందో, ఏ అప్పు తీర్చాలనుకుంటున్నాడో నాకు తెలియదు. కూర్చుని మాట్లాడుకోవాల్సింది మీరు ముగ్గురూ.

ఎవరైనా అమ్మ చేత పొలం తమ్ముడికి గిఫ్టు రాయించేద్దాం, పింఛనుకు అడ్డు పోతుంది అంటే వినవద్దు. పొలం పింఛనుకు అడ్డే కాదు. ఒకవేళ ఎప్పుడైనా రాయాల్సి వస్తే, బతికున్నంతకాలం తల్లిని పోషించాలన్న షరతు ఆ దస్తావేజులోనే ఉండాలి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ప్రకారం ఆ షరతు తప్పితే దస్తావేజు రద్దు చేయించే వీలుంటుంది.

ఆ చట్టం కిందే ఆర్డీవో దగ్గరుండే ట్రిబ్యునల్‌కు వెళ్తే పిల్లలు నెలకు పది వేల వరకు ఇవ్వాలని ఆదేశం వేయించుకోవచ్చు. ఇది మీకు తెలియాలని చెబుతున్నాను, వెళ్లమని కాదు. అక్కడా కూతుళ్లకు మినహాయింపు లేదు, మీరూ ప్రతివాదే అవుతారు. ఇవ్వగలిగి ఇవ్వని పిల్లల కోసం పెట్టిన చట్టం అది. మీ తమ్ముడు ఇవ్వలేక ఇవ్వడం లేదు.

అప్పు లెక్క కూడా చూడండి. లక్షా ఇరవై వేలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 2,400, ఏడాదికి 28,800. కౌలు ముప్పై వేలు. అంటే పంట పండినంతకాలం వడ్డీ కట్టడమే తప్ప అసలు దాదాపు ఏమీ తగ్గదు. మీరో మరదలో మహిళా సంఘంలో ఉంటే అక్కడ అప్పు తీసుకుని ఈ బయటి అప్పు ముందు తీర్చేయండి. సంఘం వాయిదా కౌలు పైసల్లోంచి కట్టండి. నాలుగైదేళ్లలో కౌలు మొత్తం అమ్మ చేతికి వస్తుంది. బాపు వైద్యానికి అయిన అప్పు తమ్ముడి ఒక్కడి మీద వేయకుండా మీరూ కొంత భరిస్తానంటే, పొలం మాట ఎత్తడానికి అంతకంటే మంచి సందర్భం దొరకదు.

చివరగా, మీకు నిద్ర పట్టనివ్వని ఆ రెండు నెలల పింఛను. రెండు నెలలకు 4,032. మరణ ధ్రువపత్రంలో తేదీ ఉంటుంది, బ్యాంకు ఖాతాలో డబ్బు తీసిన తేదీ ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూస్తారు. 2024లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో ఒక వృద్ధురాలికి ఇంకో ప్రభుత్వ పింఛను కూడా వస్తోందని లక్షన్నరకు పైగా తిరిగి కట్టమని నోటీసు ఇచ్చారు. రాష్ట్రమంతా గొడవైతే రికవరీలు ఆపమని ప్రభుత్వం చెప్పింది. మీది అంత పెద్ద విషయం కాదు, ఎవరూ మోసం చేయాలని చేసింది కాదు. అయినా అమ్మ పేరున కొత్త దరఖాస్తు పెట్టే ముందే దీన్ని తేల్చుకోండి. పంచాయతీ కార్యదర్శికి రాతలో చెప్పండి, ఎట్లా తిరిగి కట్టాలో అడిగి కట్టేయండి, రశీదు తీసుకోండి. బాపు ఖాతాను బ్యాంకులో మూయించేయండి. వాళ్లు అడిగినదాకా ఆగితే నోటీసు అమ్మ పేరున వస్తుంది. అది ఆమె చేతికి రాకముందే మీరు కట్టేస్తే మంచిది.

తమ్ముడికి ఫోన్ చేసేటప్పుడు పింఛను మాటతో మొదలుపెట్టకండి. 27,000 లెక్క ఒక కాయితం మీద రాసుకుని వరంగల్ వెళ్లి, మరదలిని కూడా కూర్చోబెట్టి చూపించండి. ఇల్లు నడిపే మనిషి ఆమె, లెక్క ఆమెకు ముందు అర్థమవుతుంది. ఆ తర్వాత ముగ్గురూ కలిసి ఊరికి వెళ్లి, పొలం ఎవరి పేరున ఉండాలో అమ్మనే అడగండి. ఆమె ఇంకేదైనా అంటే, అదే చేయండి.